మామిడి తోటలోని ఒంటిగది ఇంటికి లోపలి పనులు ఏ వరుసలో చేయించాలి?

ప్రశ్న (పుంగనూరు నుంచి)

మాకు పుంగనూరు దగ్గర నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. కోత రోజుల్లో రాత్రిళ్లు ఎలాగూ అక్కడే పడుకోవలసి వస్తుంది కనుక, మా అమ్మానాన్నలు కూడా వచ్చి నెలకు పది రోజులైనా ఉండేలా తోట మధ్యలో ఒక చిన్న ఇల్లు కట్టిస్తున్నాము. ఇల్లు అంటే ఒక్కటే గది. లోపలి కొలత 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అందులోనే ఒక మూల 7 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పుతో స్నానాల గది, ఒక గోడ వెంట ఆరడుగుల వంటగట్టు, మిగిలిన చోట రెండు మంచాలు, ఒక అలమర. గోడలు ఆరంగుళాల సిమెంటు ఇటుకలతో కట్టించాము. పైన ఇనుప పైపుల దూలాల మీద రంగు రేకులు వేయించాము. వేపకర్ర ద్వారబంధం, కిటికీల గ్రిల్లులు బిగించారు. నేలకు కంకర కాంక్రీటు పోశారు. ఇంతవరకు ఏ చిక్కూ రాలేదు.

చిక్కంతా లోపలి పనుల దగ్గర మొదలైంది. గోడల పూత అయిన వారానికే బండలు పరిచేస్తానని, నేల చదునుగా ఉంటే మిగతావాళ్లకు పని సులువవుతుందని మేస్త్రీ అంటున్నాడు. నేల పరచకముందే అలమర చట్రం నిలబెడితే గట్టిగా కూర్చుంటుందని వడ్రంగి అంటున్నాడు. పెయింటరేమో లప్పం (పుట్టీ), ప్రైమరు, రెండు కోట్లు ఒకే విడతలో ముగించి వెళ్తానని, ఊరి నుంచి మళ్లీ మళ్లీ 14 కిలోమీటర్లు రావడం తన వల్ల కాదని చెబుతున్నాడు. కరెంటు పనివాడు గోడల్లో పైపులు పెట్టడానికి ఒకసారి, అన్నీ అయ్యాక స్విచ్చులు బిగించడానికి ఒకసారి వస్తానంటున్నాడు. ఎవరి మాట వింటే వారిదే న్యాయంగా తోస్తుంది, నలుగురి మాటలూ ఒకచోట పెట్టి చూస్తే మాత్రం పొసగడం లేదు.

పట్నంలో నాలుగు గదుల ఇల్లయితే ఒక గదిలో పని జరుగుతుంటే ఇంకో గదిలో సామాను పెట్టుకోవచ్చు. ఇక్కడ సిమెంటు బస్తాలు ఉన్న చోటే బండలు పరచాలి, బండలు పేర్చిన చోటే సారువ (ఎక్కి పని చేసే కర్రల కట్టు) నిలపాలి. ఇద్దరు పనివాళ్లు ఒకే రోజు వస్తే ఒకరు బయట చెట్టు కింద కూర్చోవలసిందే. అందుకే వరుస ముందుగా తేల్చుకుని, కాగితం మీద రాసుకుని, అందరికీ ఒకే మాట చెప్పాలని అనుకుంటున్నాను.

నాకు ముఖ్యంగా మూడు సందేహాలున్నాయి. నేలకు బేతంచెర్ల బండలు తెప్పించాము. వాటిని పరిచాక మిషనుతో పాలిష్ పట్టించాలి కదా, అది గోడలకు రంగు వేయకముందా, వేశాకా? రెండోది, రేకుల కింద వేడి ఆగడానికి లోపల సీలింగు వేయించాలి. జిప్సం మంచిదా, పీవీసీ పలకలు మంచివా, ఏది ఎప్పుడు వేయాలి? మూడోది, స్నానాల గది పని మొత్తం ముందే ముగించుకోవచ్చా? వైశాఖంలో గృహప్రవేశం చేయాలని మా నాన్నగారి కోరిక. జూన్ వస్తే కోత మొదలవుతుంది, అప్పుడు మనుషులూ దొరకరు, మాకూ తీరిక ఉండదు. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది, వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోలేదు.

జవాబు 1 (తిరుపతి నుంచి, 31 ఏళ్లు భవన నిర్మాణ పనులు పర్యవేక్షించి విరమణ పొందినవారు)

పని మొదలుపెట్టకముందే ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. చాలామంది బండలు పగిలాకో, తలుపు నేలకు రాసుకున్నాకో అడుగుతారు. ఐదు నెలల సమయం ఉంది కనుక మీరు తొందరపడవలసిన పని లేదు. ఎండవలసినవి ఎండడానికి సరిపోయే సమయం చేతిలో ఉన్నవారు మీరు, దాన్ని పనివాళ్ల తొందర కోసం వదులుకోకండి.

ఎవరి పని ముందు అన్నదానికంటే ముందు తేలవలసింది మీ నేల చివరికి ఏ ఎత్తున నిలుస్తుందన్నది. బేతంచెర్ల బండ దాదాపు అంగుళం మందం, కింద సిమెంటు మాలు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. అంటే ఇప్పుడున్న కాంక్రీటు మీద నేల సుమారు మూడంగుళాలు పైకి వస్తుంది. లెవెల్ పైపులో నీళ్లు నింపి, రాబోయే నేల మట్టానికి సరిగ్గా ఒక మీటరు ఎత్తున గది నాలుగు గోడల మీదా, స్నానాల గది లోపలా గుర్తులు పెట్టించి, రంగు దారంతో గీత కొట్టించండి. పూత పడ్డాక ఆ గీత మరుగున పడుతుంది కనుక పూత మీద మళ్లీ కొట్టించాలి. ఆ తర్వాత ఎవరు వచ్చినా కొలత ఆ గీత నుంచే తీయాలి. తలుపు రెక్క అడుగు అంచు, వంటగట్టు పై మట్టం, స్విచ్ పెట్టెల ఎత్తు, స్నానాల గది నేల గది నేల కంటే ముప్పావు అంగుళమో అంగుళమో కిందకు ఉండడం, అన్నీ దాని నుంచే. మీ వడ్రంగి నేల పరచకముందే చట్రం నిలబెడతానన్నది నేను ఒప్పుకోను. చట్రం అడుగు మాలులో పాతుకుపోతే తడి, చెద రెండూ అక్కడి నుంచే ఎక్కుతాయి.

ఇక వరుస. మొదట వెల్డింగు పని మొత్తం అయిపోవాలి. ఫ్యాను కొక్కేలు ఇనుప దూలాలకే వెల్డు చేయించండి, ఫ్యాను బరువు సీలింగు మీద పడకూడదు. అటక కావాలంటే దాని బ్రాకెట్లు కూడా ఇప్పుడే. నేల పరిచాక వెల్డింగు పెట్టుకుంటే నిప్పురవ్వలు బండల మీద, టైల్స్ మీద, కిటికీ అద్దాల మీద పడి సూదిమొనంత గుంటలు చేస్తాయి, వాటిని తుడిచినా రుద్దినా పోవు. ఇదే విడతలో గోడ పైభాగానికీ రేకు మడతలకీ మధ్య మిగిలే సందులు మూయించండి. గాలి పోవలసిన చోట సన్న జాలి పెట్టించి, మిగతాది మాలుతో మూయాలి. తోటలో ఆ సందుల్లోంచి బల్లులు, ఎలుకలు, తేళ్లు వస్తాయి, సీలింగు వేశాక ఆ సందు మీ కంటికి కనబడదు.

తర్వాత గోడల్లో గాళ్లు కొట్టి కరెంటు పైపులు, నీళ్ల పైపులు పెట్టడం. మీది ఆరంగుళాల గోడ కనుక అడ్డంగా పొడవాటి గాడి కొట్టనివ్వకండి, వీలైనంతవరకు పై నుంచి నిలువుగా దింపించండి. నీళ్ల పైపులకు మూతలు బిగించి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, రాత్రంతా ఉంచి పొద్దున ఒత్తిడి మీటరు ముల్లు పడిపోయిందో లేదో చూడండి. గాళ్లు పూడ్చేముందు టేపు గోడకు ఆనించి, కొలత అంకెలు కనిపించేలా ప్రతి గోడనూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఒక మేకు కొట్టవలసి వచ్చిన రోజున ఆ ఫొటో విలువ తెలుస్తుంది. గాడి పూడ్చిన చోట, ఇనుప స్తంభాలకూ గోడకూ కలిసే చోట కోళ్ల జాలి కొట్టించి పూత పూయిస్తే చీలికలు రావు.

లోపలి పూత అరంగుళం మందం చాలు. గోడ అడుగున నాలుగంగుళాలు పూత ఆపేయించండి. స్కర్టింగు బండ (గోడ అడుగున నిలబెట్టే పట్టీ) ఆ ఖాళీలో కూర్చుంటే గోడతో సమంగా ఉంటుంది, లేకపోతే బయటికి పొడుచుకు వచ్చి దాని నెత్తిన దుమ్ము పేరుతుంది, అలమర గోడకు ఆనదు. పూతను కనీసం ఏడు రోజులు, వీలైతే పది రోజులు తడపాలి. మీ బోరు నీళ్లు నాలుకకు ఉప్పగా తగిలితే తడపడానికి వేరే నీళ్లు తెప్పించుకోండి, ఆ ఉప్పే తర్వాత లప్పం కింది నుంచి తెల్లగా పొంగి రంగును రేకులు రేకులుగా లేపుతుంది.

తడపడం ఆపిన తర్వాత గోడలను మూడు నాలుగు వారాలు ఎండనివ్వాలి. ఆ వారాలు వృథా అని మీ పెయింటరుకు అనిపించవచ్చు కానీ, స్నానాల గదీ నేలా ఆ వ్యవధిలోనే పూర్తవుతాయి. నేల మాలు పోయకముందు చెదల మందు కొట్టించడం మరవకండి. తోటలో కట్టిన ఇంటికి చెద పట్టదని ఆశ పెట్టుకోకూడదు, నేల పూర్తయ్యాక మందు ఎక్కించాలంటే బండలకు రంధ్రాలు పెట్టవలసి వస్తుంది.

మీ మొదటి సందేహం బండల పాలిష్. టైల్స్ అయితే పరిచి, సందులు నింపి, అట్టలు కప్పేస్తే సరిపోయేది. బండల సంగతి వేరు. పరిచిన తర్వాత కనీసం పది రోజులు ఆగి మిషను పెట్టాలి. గరుకు రాయితో మొదలుపెట్టి, నున్నటి రాళ్లకు మారుస్తూ, నీళ్లు పోస్తూ అరగదీస్తారు. ఆ బూడిదరంగు బురద గోడ మీద అడుగు ఎత్తు వరకు చిమ్ముతుంది. కనుక గరుకు విడతలు లప్పం పెట్టకముందే అయిపోవాలి. చివరి నున్నటి విడత మాత్రం వడ్రంగి పని అయ్యాక, గోడల చివరి కోటు వేయకముందు పెట్టించుకోండి. పాలిష్ బురద స్నానాల గది జాలీలోకి తోయనివ్వకండి, అది పైపులో సిమెంటులా గట్టిపడుతుంది. ఇంకొక హెచ్చరిక: బేతంచెర్ల బండ సున్నపురాయి జాతిది. మాలు మరకలు పోవాలని మేస్త్రీ యాసిడ్ పోసి కడగబోతే ఆపండి, రాయి నురగలు కక్కి మెరుపు పోయి తెల్లబారుతుంది.

సీలింగు విషయంలో నా ఓటు జిప్సానికి కాదు. రేకుల పైకప్పు ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది. మీ ప్రాంతంలో చలికాలం తెల్లవారుజామున రేకు అడుగున చెమ్మ బొట్లు కడుతుంది, స్క్రూ వాషరు ఒకటి వదులైనా నీటి చుక్క పడుతుంది. జిప్సం తడిని పీల్చుకుని మచ్చలు పడుతుంది. ఫైబర్ సిమెంటు బోర్డులు గానీ పీవీసీ పలకలు గానీ మేలు. వేటికైనా చట్రం నేల పరచకముందే బిగించేయండి, నిచ్చెన కాళ్లు, రాలే మేకులు నేలకు తగలవు. పైకప్పుకూ చట్రానికీ మధ్య వేడి ఆపే పొరను అప్పుడే పరిపించండి. ఫైబర్ బోర్డు అయితే కీళ్లు పూసి అరగదీసి రంగు వేయాలి కనుక లప్పానికి ముందు ఎక్కించాలి. పీవీసీ అయితే దానికి రంగు అక్కర లేదు కనుక గోడల మొదటి కోటు అయ్యాక ఎక్కించాలి. ఒకే సీలింగు, వస్తువు మారితే వరుసలో స్థానం మారిపోతుంది. వేడిరేకుకు పీవీసీ పలక కనీసం అరడుగు దూరంలో ఉండాలి.

లప్పం పెట్టేముందు గోడ ఎండిందో లేదో చూసుకోవడానికి ఒక మార్గం చెబుతాను. అడుగు చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు గాలి పోకుండా అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం లోపలి వైపు ఆవిరి పట్టి ఉంటే ఇంకా వారం ఆగండి. ఉత్తరం వైపు గోడ, స్నానాల గదికి ఆనుకున్న గోడ అన్నిటికంటే ఆలస్యంగా ఎండుతాయి, పరీక్ష అక్కడ చేయండి. అలమర నిలబడేది ఆ గోడకే అయితే మరీ ముఖ్యం.

లప్పం, ప్రైమరు, మొదటి కోటు అయ్యాక వడ్రంగిని పిలవండి. చెక్క కోసే పనులన్నీ బయట చెట్టు కింద చేసి, లోపల బిగించడం మాత్రమే చేయాలి. అతని తర్వాత నున్నటి పాలిష్, కొళాయిలు, కమోడు, ఆఖరున చివరి కోటు, స్విచ్చు మూతలు. పెయింటరు రెండుసార్లు రాక తప్పదు. రెండో రాకకు కూలి ఎంతో ముందే మాట్లాడుకుని ఒప్పందంలో కలిపేస్తే అతనికీ అభ్యంతరం ఉండదు.

జవాబు 2 (మదనపల్లె నుంచి, ఉపాధ్యాయిని)

పై జవాబులో మట్టం గీత గురించి చదివినప్పుడు నాకు మా ఇల్లు గుర్తుకొచ్చింది. మూడేళ్ల కిందట మా అత్తగారి ఊళ్లో పెరటి వైపు ఇలాగే ఒక గది వేసుకున్నాము. ఆ గీత ఎవరూ కొట్టలేదు. ముందు తలుపు రెక్క, వంటగట్టు కింద చెక్క పెట్టెలు చేయించి, ఆ తర్వాత నేల పరిపించాము. నేల మేము అనుకున్నదానికంటే అంగుళంన్నర పైకి వచ్చింది. తలుపును అడుగున కోయించాము, అది ఇప్పటికీ కుదురుగా పడదు. వంటగట్టు కింది పెట్టె తలుపులు బండకు తగిలి తెరుచుకోలేదు, వాటినీ విప్పి కోయించాము. కోసిన అంచుకు మళ్లీ లామినేటు అంటించకపోవడంతో తడి గుడ్డ పెట్టి నేల తుడిచినప్పుడల్లా నీరు పీల్చి ఉబ్బిపోయింది. పెట్టెల అడుగున నాలుగంగుళాలు బండ దిమ్మె కట్టించి దాని మీద చెక్క నిలిపితే ఈ బాధ ఉండదు.

స్నానాల గది మొత్తం ముందే ముగించవచ్చా అని అడిగారు. టైల్స్ వరకు ముగించండి, కొళాయిలు, కమోడు, అద్దం మాత్రం చివరికి ఉంచండి. లేకపోతే పనివాళ్లందరూ దాన్నే వాడతారు, లప్పం కలిపిన బకెట్లు అక్కడే కడుగుతారు, కొత్త కొళాయిల మీద మాలు చేతులు పడతాయి. పనివాళ్లకు బయట వేరే ఏర్పాటు చేయడం మన బాధ్యత కూడా. టైల్స్‌కు ముందు నేలకూ, గోడల అడుగు భాగానికీ నీరు ఇంకని పూత వేయించి, జాలీ రంధ్రం మూసి, రెండంగుళాల నీళ్లు నింపి 48 గంటలు అలాగే వదిలేయండి. గోడ మీద పెన్సిలుతో నీటి మట్టం గుర్తు పెట్టండి. కొద్దిగా తగ్గితే అది ఆవిరి కావచ్చు, గోడ అవతలి వైపు చెమ్మ కనిపిస్తే మాత్రం టైల్స్ ఆపేయండి. మీ గదిలో ఆ గోడ అవతలే మంచం పడుతుంది.

టైల్స్ అంటించేటప్పుడు గోడ టైల్స్ రెండో వరుస నుంచి మొదలుపెట్టించి, నేల టైల్స్ వేశాక అడుగు వరుసను నేల మీద కూర్చునేలా వేయించాలి. అప్పుడు గోడ మీద జారిన నీరు నేల మీదికి వస్తుంది, సందులోకి పోదు. వాలు మూడడుగులకు అరంగుళమైనా ఉండాలి. టైల్స్ ఆరాక ఒక చెంబు నీళ్లు నాలుగు మూలలా పోసి, అన్నీ జాలీ వైపే పరుగెత్తుతున్నాయా లేదా అన్నది మేస్త్రీ అక్కడ ఉండగానే చూసుకోండి. రూపాయి బిళ్లతో ప్రతి టైలునూ తట్టి చూడండి, డొల్ల మోత వస్తే దాన్ని అప్పుడే తీయించి వేయించాలి.

వంటగట్టుకు కడప బండ అనుకుంటున్నట్టయితే ఒక్క మాట. అదీ సున్నపురాయి జాతిదే. చింతపండు పులుసు, నిమ్మరసం పడ్డ చోట మెరుపు పోతుంది. మన వంటలో ఆ రెండూ లేని రోజు ఉండదు. మీ జిల్లాలో గ్రానైట్ దొరుకుతుంది కనుక గట్టు వరకు గ్రానైటే వేయించండి, అలమర అరలకు కడప బండ చక్కగా పనికొస్తుంది.

గృహప్రవేశం వైశాఖంలో అన్నారు. హోమం చేయిస్తారు, పాలు పొంగిస్తారు. ఒంటిగది ఇంట్లో హోమగుండం పెట్టే చోటు గది మధ్యే. మా ఇంట్లో చివరి కోటు వేసిన నాలుగో రోజున హోమం చేయించాము, సీలింగు తెల్లరంగు మీద పొగమసి ఛాయ ఇప్పటికీ ఉంది. గోడల చివరి కోటును గృహప్రవేశం అయిన మరుసటి వారానికి పెట్టుకోండి. గుండం కింద ఇసుక, ఇటుకలు మందంగా పేర్చండి, వేడికి పాలిష్ చేసిన బండ చిట్లుతుంది.

జవాబు 3 (పలమనేరు నుంచి, కరెంటు పని చేసేవారు)

అన్నా, మీ కరెంటు పనివాడు రెండుసార్లే వస్తానంటే పని సరిగా జరగదు. మూడుసార్లు రావాలి, ఎందుకో చెబుతాను. మొదటిసారి గోడల్లో పైపులు, పెట్టెలు పెట్టడం. ఆ రోజే పైపుల్లో ఒక లాగుడు తీగ వదిలి, పెట్టెల్లో తడి కాగితం గట్టిగా కుక్కాలి, లేకపోతే పూత మాలు లోపలికి పోయి గట్టిపడుతుంది. రెండోసారి పూత ఎండిన తర్వాత, సీలింగు పలకలు ఎక్కకముందు, లప్పం పెట్టకముందు వైర్లు లాగడం. పైపు ఎక్కడైనా నలిగిపోయి వైరు నడవకపోతే ఆ చోటు గోడ పగలగొట్టి సరిచేయడానికి అదే ఆఖరి అవకాశం. లప్పం అయ్యాక పగలగొడితే ఆ అతుకు ఎన్ని కోట్లు వేసినా కనబడుతుంది. మూడోసారి స్విచ్చులు, ఫ్యాన్లు, దీపాలు.

స్విచ్చు మూతలు చివరి కోటుకు ముందే బిగించి కాగితం అంటిస్తామని కొందరు పెయింటర్లు చెబుతారు, ఒప్పుకోకండి. మూత అంచుల వెంట రంగు పేరుకుని, తర్వాత మూత విప్పినప్పుడు గోడ రంగు కూడా పొరగా ఊడి వస్తుంది. పెట్టెల స్క్రూ రంధ్రాల్లో లప్పం పోకుండా ముందే స్క్రూలు సగం వరకు తిప్పి ఉంచమని మీవాడికి చెప్పండి.

వైర్ల మందం కూడా ఇప్పుడే తేల్చుకోండి. దీపాలకు ఒకటిన్నర, ప్లగ్గులకు రెండున్నర, గీజరుకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించండి. తడి చేతుల చోటు, తోట, పెద్దవాళ్లు ఉండే ఇల్లు కనుక కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి, ఎర్తింగు గుంత పూత కంటే ముందే తవ్వించండి. మోటారుకు ఉన్న వ్యవసాయ కనెక్షను నుంచి ఇంటికి తీగ లాగకూడదు. ఇంటి కనెక్షనుకు ఇప్పుడే దరఖాస్తు పెడితే పాలిష్ మిషను వచ్చే నాటికి మీటరు ఉంటుంది. పాలిష్ వాళ్ల మిషను సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అని పిలిచే ముందే అడగండి. మిషను దింపుకున్నాక కరెంటు చాలదంటే ఒక రోజు కూలి, బండి బాడుగ మీ మీదే పడతాయి.

పెద్దాయన పీవీసీ సీలింగు గురించి చెప్పింది నేనూ చూశాను. నా వైపు నుంచి ఇంకో కారణం: పీవీసీ పలకలను చివరి నుంచి ఒకటొకటిగా జరిపి విప్పవచ్చు, పైన వైరు మార్చవలసి వస్తే బోర్డు కోయనక్కర లేదు. అయితే దీపాల అడాప్టర్లు పీవీసీకి ఆనకుండా చట్రానికి కట్టాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. నిన్న తోటకు వెళ్లి మేస్త్రీని, వడ్రంగిని కూర్చోబెట్టి ఈ మాటలన్నీ చదివి వినిపించాను. లెవెల్ పైపుతో గీత కొట్టించాము. కొట్టాక తేలిందేమంటే, మా కాంక్రీటు స్నానాల గది మూల నుంచి తలుపు వైపుకు ముప్పావు అంగుళం ఎత్తుగా ఉంది. ఇన్నాళ్లూ కంటికి చదునుగానే కనబడింది. తలుపు దగ్గర మాలు పలచగా, అవతలి మూల మందంగా వేస్తే సరిపోతుందని మేస్త్రీ చెప్పాడు. వడ్రంగి కూడా గీత చూశాక నేల అయ్యాకే వస్తానని ఒప్పుకున్నాడు.

డిసెంబరులో వెల్డింగు, గాళ్లు, పైపులు, పూత. జనవరిలో సీలింగు చట్రం, స్నానాల గది, చెదల మందు, ఆ తర్వాత నెలాఖరుకు బండలు. ఫిబ్రవరిలో గరుకు పాలిష్, వైర్లు, గోడ ఎండిందని తేలాక లప్పం, మొదటి కోటు, తర్వాత పీవీసీ పలకలు. మార్చిలో వడ్రంగి. ఏప్రిల్‌లో నున్నటి పాలిష్, కొళాయిలు, స్విచ్చులు. మేలో గృహప్రవేశం, ఆ మరుసటి వారం చివరి కోటు. స్విచ్చు మూతలు మాత్రం హోమం రోజుకు బిగించక తప్పదు కనుక, చివరి కోటు నాడు విప్పి మళ్లీ బిగించడానికి కరెంటు పనివాడితో మాట్లాడుకున్నాను. వరుస ఇలా సరేనా? ఇంకొక్క సందేహం మిగిలింది. గది చిన్నదే అయినా పాలిష్ బురద చాలా వస్తుందని పనివాళ్లు చెబుతున్నారు. జాలీలోకి వద్దన్నారు. గది చుట్టూ మామిడి చెట్లే, దాన్ని ఎక్కడ పోయించాలి?

జవాబు 1 ఇచ్చినవారు

వరుస బాగుంది. ఒక్క మార్పు సూచిస్తాను. వైర్లను ఫిబ్రవరి దాకా ఆపకుండా, పూత తడపడం ఆపిన రెండు వారాలకు, బండలు పరచకముందే లాగించేయండి. పైపు నలిగిన చోట గోడ పగలగొట్టవలసి వస్తే ఆ పెళ్లలు కొత్త నేల మీద పడకుండా ఉంటాయి, కరెంటు పనివాడి నిచ్చెన కూడా సీలింగు చట్రం వాళ్లు ఉన్నప్పుడే పనికొస్తుంది.

బురద సంగతి: చెట్ల మొదళ్లలో పోయించకండి. అందులో ఉన్నది సున్నపురాతి పొడి, సిమెంటు పొడి, అది ఆరితే నేల మీద పలకలా బిగుసుకుని నీరు ఇంకనివ్వదు. చెట్ల నీడ అంచుకు అవతల, వాననీరు బావి వైపు గానీ బోరు వైపు గానీ పారని చోట, మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంత తవ్వించి, అడుగున పాత యూరియా గోతాలు పరిపించండి. మిషను వెనకే ఒక మనిషి రబ్బరు తోపుడుతో బురదను తలుపు వైపు లాగి, బకెట్లతో ఆ గుంతలో పోయాలి. తలుపు దగ్గర గడప మీద తడి గోనెసంచి మడిచి వేయించండి, లేకపోతే వేపకర్ర గడపకు ఆ బూడిదరంగు పట్టి పోదు. నాలుగు రోజుల్లో నీరు ఇంకి, అడుగున మిగిలింది గడ్డగా మారుతుంది. దాన్ని పగలగొట్టి, మీ తోట దారిలో బండి చక్రాలు దిగబడే గుంతలు ఉంటే వాటిలో కంకరతో కలిపి నింపించండి.